కళాకారులకి మన ట్యాక్స్ డబ్బులు ఇవ్వాలా?

సాలరీబాబు:
ఆఫీసులో లంచ్ నుంచి ఇదే గొడవండీ. టీడీఎస్ చూస్తే కడుపు మండుద్ది, రోడ్లు చూస్తే గుంతలు, అలాంటప్పుడు నాటకాలకీ డాన్సులకీ గ్రాంట్లు దేనికి? సినిమా సబ్సిడీ లేకుండానే ఆడట్లేదా. జనం టికెట్ కొంటే ఆ కళ బతుకుద్ది, కొనకపోతే దాని టైమ్ అయిపోయినట్టే. ఏమంటారు?

ధర్మవరంగాలి:
సినిమాకి ఏమీ ఇయ్యలేదని ఎవరు చెప్పినారన్నా? ఇండస్ట్రీ మద్రాస్ నుంచి హైదరాబాద్ రావాలని స్టూడియోలకి భూములిచ్చింది గవర్నమెంటే. మా పక్కనే నిమ్మలకుంట, తోలుబొమ్మల ఊరు, దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఇప్పుడు ఆడ ఎక్కువ చేసేది ల్యాంప్ షేడ్లు, కొనేవాళ్ళుండారు కాబట్టి. తోలు అదే, రంగులవే, కానీ రాత్రంతా రామాయణం ఆడిచ్చుకునే ఊర్లు ఏవీ? నీ మార్కెట్ బొమ్మను ఉంచింది, ఆటను తీసేసింది.

ఓరుగల్లుపోరడు:
పైసలియ్యాలె, కానీ ఇచ్చే తీరు మీదనే నా పంచాయితీ. తెలంగాణ సర్కార్ పెట్టిన సాంస్కృతిక సారథిల 550 మంది కళాకారులకు నౌకర్లిచ్చిండ్రు, మంచిదే, నెల జీతమొస్తే ఇల్లు నడుస్తది. మరి పాడేదేంది? ఎక్కువ సర్కార్ స్కీముల పాటలే, ఉద్యమంల సర్కార్‌ని కడిగేసిన గొంతులాయె అవి! ఇంకోదిక్కు కిన్నెర వాద్యం వాయించే మొగులయ్యకు 2022ల పద్మశ్రీ, సర్కార్ కోటి రూపాయలు ప్రకటించింది, 2024ల చూస్తే కూలిపని చేస్తున్నడని వీడియోలు. చెక్కిచ్చి ఫోటో దిగుడు కాదు, స్కూళ్ళల్ల నెలనెలా ప్రోగ్రాంలు పెట్టి కూలి కట్టియ్యాలె. కిన్నెర చప్పుడే ఎరగని పిల్లలు రేపు టికెట్ కొంటరా?

సాలరీబాబు:
భూములివ్వడమూ తప్పే అంటాను. అసలు ఎవరికివ్వాలో తేల్చేదెవరు? లీడర్ల చుట్టాలకే పోతాయి.

తెరవెనక:
అందుకే మనుషులకి కాకుండా హాల్‌కి పెట్టాలి అంటాను. సురభి నాటకాల వాళ్ళ సంగతే చూడండి, 1885లో కడప జిల్లా సురభి ఊళ్ళో కీచకవధతో మొదలెట్టి ఇప్పటికీ ఆ కుటుంబాలే ఆడుతున్నాయి, మాయాబజార్‌లో మంత్రాలూ మాయలూ అన్నీ స్టేజ్ మీదే, కళ్ళముందే. అంతమంది మనుషులు, అన్ని సెట్లు, టికెట్ ఎంత పెడితే గిట్టుద్ది? 500 పెడితే మీరే రారు కదండీ సాలరీబాబు గారూ :) జిల్లాకో మంచి హాలు కట్టి నామమాత్రం అద్దెకివ్వండి, అందరికీ ఒకటే రేటు, చుట్టరికంతో పన్లేదు.

సాలరీబాబు:
హాల్ వరకు ఓకే. జీతాలకి మాత్రం నో.

ఓరుగల్లుపోరడు:
కళాకారులు హాల్ దాకా వచ్చే బస్ చార్జీ ఎవరిస్తరన్నా మరి?