లినక్స్ ఫోన్‌లో ఆండ్రాయిడ్ యాప్‌లు: వేడ్రాయిడ్‌లో నెట్ రావడం లేదు, యూపీఐ తెరుచుకోవడం లేదు

ప్రశ్న: వన్‌ప్లస్ 6లో పోస్ట్‌మార్కెట్ ఓఎస్ (ఫోన్ల కోసం చేసిన లినక్స్) ఉంది. లినక్స్‌లో ఆండ్రాయిడ్ యాప్‌లు నడిపే వేడ్రాయిడ్‌ను గ్యాప్స్ ఇమేజ్‌తో (గూగుల్ యాప్‌లు కలిపి ఉన్న ఆండ్రాయిడ్ ఫైలు) పెట్టాను. ఆండ్రాయిడ్ తెర వస్తోంది కానీ లోపల నెట్ లేదు. ఫోన్ బ్రౌజర్‌లో మాత్రం నెట్ బాగానే ఉంది. నెట్ వచ్చాక ప్లే స్టోర్, వాట్సాప్, యూపీఐ యాప్ పనిచేస్తాయా?

జవాబు 1: ఇది ఫైర్‌వాల్ పని. వేడ్రాయిడ్ ఎమ్యులేటర్ కాదు. లీనియేజ్ ఓఎస్ (ఆండ్రాయిడ్‌కు ఒక ఓపెన్ సోర్స్ రూపం) ఇమేజ్‌ను కంటైనర్‌లో, అంటే మిగతా సిస్టమ్ నుంచి విడిగా ఉంచిన గదిలాంటి చోట పెట్టి, మీ ఫోన్ కెర్నల్ (లినక్స్ మూలభాగం) మీదే నడుపుతుంది. ఆ కంటైనర్‌కు నెట్ 'వేడ్రాయిడ్0' అనే బ్రిడ్జి (కంటైనర్‌ను ఫోన్ నెట్‌తో కలిపే వర్చువల్ లింకు) గుండా వెళ్తుంది. లినక్స్ ఫైర్‌వాల్ అయిన ఎన్ఎఫ్‌టేబుల్స్‌లో ఆ బ్రిడ్జి నుంచి వచ్చే యూడీపీ 53 (డీఎన్ఎస్, సైట్ పేరుకు అడ్రస్ వెతికేది), 67 (డీహెచ్‌సీపీ, ఐపీ అడ్రస్ ఇచ్చేది) పోర్టులను అనుమతించండి. ఫార్వర్డ్ చెయిన్‌లో (ఫోన్ గుండా బయటి నెట్‌కు దాటే ట్రాఫిక్ నియమాలు) కూడా ఆ బ్రిడ్జిని అనుమతించాలి, చాలామంది మరిచేది ఇక్కడే. ఫార్వర్డ్ మూసి ఉంటే ఐపీ అడ్రస్ వస్తుంది గానీ ఒక్క పేజీ కూడా తెరుచుకోదు. తర్వాత సెషన్ ఆపి మళ్లీ మొదలుపెట్టండి.

ప్లే స్టోర్ 'సర్టిఫై కాని పరికరం' అంటుంది. వేడ్రాయిడ్ షెల్‌లోకి (లోపలి ఆండ్రాయిడ్‌కు కమాండ్లు ఇచ్చే చోటు) వెళ్లి, గూగుల్ సర్వీసెస్ ఫ్రేమ్‌వర్క్ డేటాబేస్ నుంచి ఆండ్రాయిడ్ ఐడీ అంకె తీసుకోండి. సెట్టింగ్స్, ఇతర యాప్‌లు చూపించే ఐడీ వేరు, అది పనికిరాదు. ఈ అంకెను గూగుల్ వారి అన్‌సర్టిఫైడ్ పేజీలో మీ ఖాతాతో నమోదు చేసి, కాసేపు ఆగి సెషన్ రీస్టార్ట్ చేయండి.

జవాబు 2: యూపీఐ మీద ఆశ పెట్టుకోకండి. రిజిస్ట్రేషన్ అప్పుడు యాప్ మీ సిమ్ నుంచే ఎస్ఎంఎస్ పంపి నంబరు సరిచూస్తుంది. కంటైనర్‌కు మోడెమ్ అందదు కాబట్టి ఆ ఎస్ఎంఎస్ వెళ్లదు. పైగా చాలా బ్యాంకు యాప్‌లు ప్లే ఇంటిగ్రిటీ (ఫోన్ నమ్మదగినదా అని గూగుల్ చేసే తనిఖీ) అడుగుతాయి, దానిలోనూ వేడ్రాయిడ్ ఫెయిలవుతుంది. పైన చెప్పిన నమోదుతో ప్లే స్టోర్ లాగిన్ వరకే దారి దొరుకుతుంది. బ్యాంకుకు ఇచ్చిన సిమ్‌ను చిన్న కీప్యాడ్ ఫోన్‌లో వేసి *99# (డయల్ చేసి వాడే యూపీఐ సేవ) వాడండి. ఒక్కో చెల్లింపుకు 5,000 రూపాయల దాకా పంపొచ్చు, నెట్ అక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు: ఫార్వర్డ్ చెయినే అడ్డు, ఇప్పుడు నెట్ వచ్చింది, థాంక్సండీ. తెర ఆరితే వాట్సాప్ మెసేజ్‌లు రావడం లేదు.

జవాబు 1: తెర ఆరాక కంటైనర్ నిద్రలోకి పోతుంది. టెర్మినల్‌లో వేడ్రాయిడ్ ప్రాప్ సెట్ కమాండుతో 'పర్సిస్ట్.వేడ్రాయిడ్.సస్పెండ్' విలువను ఫాల్స్ చేయండి. బ్యాటరీ బాగా తింటుంది. ఫోన్ మొత్తంగా సస్పెండ్ అయితే మాత్రం ఈ మార్పు పనిచేయదు, దాన్ని పవర్ సెట్టింగ్స్‌లో విడిగా ఆపాలి.