రక్షణ పోగొట్టుకోవచ్చా? విశ్వాస ప్రకటన 9వ అంశం మీద సంతకం పెట్టాలా వద్దా

రాత్రి_డ్యూటీ
అందరికీ వందనాలు. మా సంఘంలో సండే స్కూల్ చెప్పేవాళ్ళు ప్రతి ఏడాదీ విశ్వాస ప్రకటన మీద సంతకం పెట్టాలి. మొత్తం 12 అంశాలు. మూల ప్రతుల్లో లేఖనాలకు తప్పు లేదు, దేవుడు త్రియేకుడు, క్రీస్తు కన్యకకు పుట్టాడు, మన బదులు చనిపోయాడు, శరీరంతో లేచాడు, కృపచేత విశ్వాసం ద్వారానే రక్షణ, రెండో రాకడ, నిత్య శిక్ష... వీటిలో దేనితోనూ నాకు పేచీ లేదు. ఎనిమిదేళ్ళుగా చదవకుండానే సంతకం పెడుతున్నాను. ఈసారి చదివాను, అక్కడే వచ్చింది తంటా.

9వ అంశం ఇలా ఉంది: "తిరిగి జన్మించిన ప్రతి విశ్వాసి దేవుని శక్తిచేత కాపాడబడతాడు. అతడు తన రక్షణను ఎన్నటికీ పోగొట్టుకోడు." మరి హెబ్రీయులకు 6:4-6 సంగతేంటి? ఒకసారి వెలిగింపబడి, పరలోక వరాన్ని రుచి చూసి, పరిశుద్ధాత్మలో పాలివారై, ఆ తర్వాత "తప్పిపోయిన వారు" అని అక్కడ ఉంది కదా. నెలాఖరులోగా కాగితం ఇవ్వాలి. మీరైతే ఏం చేస్తారు?

గొర్రెపిల్ల77
పెట్టేయండి బ్రదర్. దావీదు గొల్యాతు కథ చెప్పడానికి ఇంత వేదాంతం దేనికి.

బెరయవాడు
సంతకం పెట్టండి, కానీ అర్థం చేసుకుని పెట్టండి. యోహాను 10:28లో ప్రభువు తన గొర్రెల గురించి "అవి ఎన్నటికిని నశింపవు" అన్నాడు. గ్రీకులో అక్కడ "ఊ మే" అని రెండు వ్యతిరేక పదాలు పక్కపక్కన వస్తాయి. కాదు అనే మాటను అంతకన్నా గట్టిగా చెప్పే పద్ధతి ఆ భాషలో లేదు. ఫిలిప్పీయులకు 1:6, రోమా 8 చివరి వచనాలు కూడా అదే చెబుతాయి. మొదలుపెట్టినవాడు దేవుడు, ముగించేవాడూ ఆయనే. మధ్యలో మన చేతిలో పెట్టి చూస్తూ కూర్చోడు.

ఇక హెబ్రీ 6. రుచి చూడటం వేరు, తినడం వేరు. సంఘంలో కూర్చుని, పాటలు పాడి, వాక్యం విని, ఆత్మ పనిని దగ్గరగా చూసి కూడా లోపల మారనివాళ్ళు ఉంటారు. యూదా ఇస్కరియోతు మూడేళ్ళు ప్రభువు పక్కనే తిరిగాడు. అదే అధ్యాయం 9వ వచనంలో రచయిత తన పాఠకులతో, మీ విషయంలో అయితే ఇంతకన్నా మంచి స్థితినే, రక్షణతో కూడిన స్థితినే నమ్ముతున్నాం అంటాడు. అంటే ముందు చెప్పినవాళ్ళ దగ్గర లేనిది రక్షణే అన్నమాట. దీన్ని 1618-19లో నెదర్లాండ్స్‌లో జరిగిన డోర్ట్ మహాసభ తేల్చేసింది. కొత్త గొడవేమీ కాదు.

మొండి_పెన్సిల్
డోర్ట్ తేల్చలేదు బ్రదర్, నోరు మూయించింది. డచ్ వేదాంతి అర్మీనియస్ చనిపోయిన మరుసటి ఏడాది, 1610లో, ఆయన అనుచరులు ఐదు అంశాలతో విన్నపం ఇచ్చారు. ఐదో అంశంలో వాళ్ళు రాసిందేమిటో తెలుసా? విశ్వాసి తప్పిపోగలడా లేదా అనేది లేఖనాల్లో ఇంకా పరిశీలించి తేల్చాలి, అప్పటిదాకా నిండు నిశ్చయంతో బోధించలేం అని. అంత వినయంగా అడిగినవాళ్ళ వర్గానికి ఆ సభ తర్వాత ఏం జరిగింది? సుమారు 200 మంది బోధకుల పదవులు ఊడాయి.

రుచి సంగతికి వస్తాను. హెబ్రీయులకు 2:9 తీయండి. క్రీస్తు ప్రతి మనిషి కోసం "మరణము అనుభవించునట్లు" అని మన తెలుగులో ఉంది. గ్రీకులో అక్కడున్నదీ 6:4లో "రుచి చూచి" అన్నదీ ఒకటే క్రియ. మన అనువాదకులు ఒకచోట అనుభవం అన్నారు, ఇంకోచోట రుచి అన్నారు. మీ లెక్కన ప్రభువు మరణాన్ని నాలుక చివర పెట్టుకుని ఉమ్మేశాడా?

బెరయవాడు
దైవదూషణలా మాట్లాడకండి. ఒకే పదానికి సందర్భాన్ని బట్టి లోతు మారుతుంది. మత్తయి 27:34లో ప్రభువు తనకు ఇచ్చిన ద్రాక్షారసాన్ని రుచి చూసి తాగనొల్లలేదు. అక్కడా ఇదే క్రియ. మరి అది పూర్తి అనుభవమా?

మొండి_పెన్సిల్
మత్తయి రాసినది మత్తయికి. నేను ఒకే రచయిత, ఒకే పత్రిక, నాలుగు అధ్యాయాల దూరం గురించి మాట్లాడుతున్నాను.

బెరయవాడు
ఒకే రచయిత ఒకే పదాన్ని రెండు రకాలుగా వాడకూడదని ఎవరు చెప్పారు?

గొర్రెపిల్ల77
మీరిద్దరూ ఒక్క రుచి దగ్గరే పొద్దు పుచ్చేలా ఉన్నారు.

రాత్రి_డ్యూటీ
అది వదిలేద్దాం. "తప్పిపోయిన వారు" అన్న మాటకు జవాబు చెప్పండి.

బెరయవాడు
అది ఊహ కోసం చెప్పినది. 1611 ఇంగ్లీషు బైబిల్లో "ఒకవేళ తప్పిపోతే" అన్న అర్థమే ఉంది.

మొండి_పెన్సిల్
గ్రీకులో "ఒకవేళ" అనే పదం లేదు. వెలిగింపబడినవారు, రుచి చూసినవారు, పాలివారైనవారు, తప్పిపోయినవారు. అన్నీ ఒకే వరుసలో నడుస్తాయి. మన తెలుగు బైబిల్ ఈ విషయంలో నిజాయితీగా ఉంది, "ఒకవేళ" చేర్చలేదు. మూల ప్రతుల్లో తప్పు లేదని 1వ అంశంలో సంతకం పెట్టి, 9వ అంశం కోసం మూలంలో లేని మాట తెచ్చుకుంటారా?

ఇంకో సంగతి. "దేవుని శక్తిచేత కాపాడబడు" అన్న మాట 1 పేతురు 1:5 నుంచి తీసుకున్నదే కదా. అక్కడ పూర్తిగా "విశ్వాసముద్వారా దేవుని శక్తిచేత" అని ఉంటుంది. ఆ "విశ్వాసముద్వారా" మీ ప్రకటన రాసినవాళ్ళకు ఎందుకు అడ్డొచ్చింది?

రాత్రి_డ్యూటీ
ఇది నేను గమనించనే లేదు. ఇప్పుడే కాగితం తీసి చూశాను. నిజమే, ఆ మాట లేదు.

బెరయవాడు
ఆ విశ్వాసాన్ని నిలబెట్టేదీ దేవుడే కాబట్టి విడిగా రాయలేదు. సరే, హెబ్రీ 6 మీరు చెప్పినట్టే అనుకుందాం. నిజమైన విశ్వాసి తప్పిపోయాడు. అప్పుడు 6వ వచనం పూర్తిగా చదవండి. అలాంటివాళ్ళను మారుమనస్సు పొందేలా మళ్ళీ నూతనపరచడం "అసాధ్యము". కష్టం అనలేదు, అసాధ్యం అన్నాడు. మరి మీలాంటి సంఘాల్లో ప్రతి ఉజ్జీవ కూటంలో "వెనకబడినవారు ముందుకు రండి" అని పిలుస్తారే, ఎవరిని పిలుస్తున్నారు? మీ అర్థమే నిజమైతే ఆ పిలుపు అబద్ధం. రాలేనివాళ్ళను రమ్మంటున్నారు.

మొండి_పెన్సిల్
అది వాళ్ళు దేవుని కుమారుణ్ణి ఇంకా సిలువ వేస్తూ ఉన్నంతకాలం అసాధ్యం అని చదవొచ్చు.

బెరయవాడు
"చదవొచ్చు". ఇందాక మూలంలో లేని మాటలు తేవద్దన్నారు.

మార్త_2
అన్నలారా, గ్రీకు నాకు రాదు. ఒక మాట అడుగుతాను. నా భర్త పదహారేళ్ళప్పుడు బాప్తిస్మం తీసుకున్నారు. ప్రభురాత్రి భోజనం ఒక్కసారి కూడా మానరు. ఇంట్లో చెయ్యి చేసుకుంటారు. రెండుసార్లు పెద్దల దగ్గరికి వెళ్ళాను. "ఆయన రక్షింపబడిన బిడ్డే అమ్మా, బలహీనత ఉంది, నువ్వు ప్రార్థన చెయ్యి" అన్నారు. ఆయనా అదే అంటారు, నా రక్షణ ఎవరూ తీసేయలేరు అని. 9వ అంశం మా ఇంట్లో ఇలా పనిచేస్తోంది.

బెరయవాడు
సిస్టర్, మీరు చెప్పింది ఆ సిద్ధాంతం కాదు. చేతులెత్తి ఒక ప్రార్థన చేస్తే ఆ తర్వాత ఎలా బతికినా పరలోకమే అనేది జనంలో వాడుకైన నినాదం. అసలు బోధ పరిశుద్ధుల నిలకడ గురించి. నిజమైన విశ్వాసి చివరిదాకా విశ్వాసంలో, పరిశుద్ధతలో నిలుస్తాడని. వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం 17వ అధ్యాయం చూస్తే, విశ్వాసులు కొంతకాలం ఘోరమైన పాపంలో పడవచ్చని, దానివల్ల...

మార్త_2
కొంతకాలం అంటే పదకొండేళ్ళా అన్నా?

చిన్నమాట
సిస్టర్, సిద్ధాంతం ఏదైనా కానివ్వండి, కొట్టడం నేరం. ముందు మీరు క్షేమంగా ఉండే చోటికి వెళ్ళండి. పెద్దల అనుమతి అక్కర్లేదు.

బెరయవాడు
అవును, నేను ముందు అదే చెప్పాల్సింది. 1 కొరింథీయులకు 5 ప్రకారం ఆ పెద్దలు ఆయన్ని సహవాసం నుంచి వెలివేయాలి. మానలేదంటే ఆయన మొదట్నుంచీ రక్షింపబడలేదనే అనుకోవాలి.

మొండి_పెన్సిల్
వచ్చేశారు. నేను దీనికోసమే ఎదురుచూస్తున్నా. పడ్డవాడు లేచాడా, నిజమైన విశ్వాసి. లేవలేదా, అసలెప్పుడూ విశ్వాసి కాడు. ఏం జరిగినా మీ అంశమే గెలుస్తుంది. మరి బతికున్నవాడికి భద్రత ఎక్కడుంది? నేను నిజమైనవాడినో కాదో చచ్చేదాకా తెలియదు కదా. మీరు అమ్మేది గ్యారంటీ కార్డు, అది చెల్లుతుందో లేదో సరుకు పాడయ్యాకే తెలుస్తుంది.

బెరయవాడు
మీకు వెటకారం బాగా వచ్చు. భద్రత లేకపోతే ఎలా ఉంటుందో మీకు తెలియదు, నాకు తెలుసు. నేను పెరిగిన సంఘంలో రక్షణ వారానికోసారి పోయేది. అబద్ధం చెప్పావా, పోయింది. కోపపడ్డావా, పోయింది. పదేళ్ళ వయసులో ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు, తలుపు తీసే ఉంది. ప్రభువు వచ్చి విశ్వాసులందర్నీ ఎత్తుకుపోయాడు, నన్ను వదిలేశారు అనుకున్నా. అమ్మ పక్కింట్లోంచి వచ్చేదాకా మంచం కింద దూరి ఏడ్చాను. ఇరవై ఏళ్ళు వచ్చేసరికి ఎన్నిసార్లు "ముందుకు" వెళ్ళానో లెక్క లేదు. యోహాను 10:28 మొదటిసారి సరిగ్గా అర్థమైన రాత్రి నేను నిద్రపోయాను. మీకు అది గ్యారంటీ కార్డేమో. దాన్ని మీరు తీసేస్తానంటే నేను ఊరుకోను.

గొర్రెపిల్ల77
😔 మంచం కింద నేనూ దూరాను బ్రదర్.

మొండి_పెన్సిల్
మీ బాధ అర్థమైంది. నాదీ వినండి, ఇంతదాకా చెప్పలేదు.

మా నాన్న 22 ఏళ్ళు సంఘంలో బైబిల్ స్టడీ నడిపారు. నాకు ప్రార్థన నేర్పింది ఆయనే. నా తమ్ముడు పోయాక ఆయన నోట ప్రార్థన ఆగిపోయింది. తర్వాత గుడికి రావడం మానేశారు, ఇక నమ్మలేకపోతున్నానని మాతో చెప్పారు. ఐదేళ్ళకు పోయారు. సమాధి దగ్గర కాపరి 1 యోహాను 2:19 చదివారు. "వారు మనలోనుండి బయలువెళ్లిరి గాని వారు మన సంబంధులు కారు." మా అమ్మ అక్కడే నిలబడి ఉంది.

బెరయవాడు
అలా చదవడం తప్పు. నా సిద్ధాంతం ప్రకారమూ తప్పే. రక్షణకు దేవుడు ఎవర్ని ఎన్నుకున్నాడో ఏ కాపరికీ తెలియదు. దుఃఖంలో మాట పడిపోయిన మనిషిని చూసి ఆయన రక్షింపబడలేదని ఎలా అంటారు?

మొండి_పెన్సిల్
కొద్దిసేపటి క్రితం మార్త సిస్టర్ భర్త గురించి మీరన్నది అదేగా.

బెరయవాడు
కొట్టేవాడూ మీ నాన్నగారూ ఒకటా?

మొండి_పెన్సిల్
కాదు. కానీ ఆ తూకం రాళ్ళు మీ చేతిలో ఉన్నాయని ఎవరన్నారు?

బెరయవాడు
సరే, ఆ కాపరి మాట పక్కన పెడదాం. మీ బోధ ప్రకారం మీ నాన్నగారు ఎక్కడున్నారు? పోగొట్టుకున్నారనే కదా మీరూ అనాలి. నా బోధలో కనీసం ఆశ ఉంది. ఆయన చెయ్యి జారినా దేవుని చెయ్యి జారలేదేమో. మీ బోధలో అదీ లేదు. అలాంటప్పుడు దీనికోసం ఎందుకింత పోట్లాడుతున్నారు?

మొండి_పెన్సిల్
పోగొట్టుకున్నారంటే, ఒకప్పుడు ఉందని. నాకు కావలసింది అదే. "ఎప్పుడూ లేదు" అంటే ఆ 22 ఏళ్ళు అబద్ధం. నా తల మీద చెయ్యి పెట్టి చేసిన ప్రార్థన అబద్ధం. ఆయన ఏడుస్తూ చదివిన కీర్తనలు నటన. ఆయన ఇప్పుడెక్కడున్నారో దేవుడు చూసుకుంటాడు, అది నేను అడగను. గడిచిపోయినదాన్ని మాత్రం ఎవరూ తుడిచేయకూడదు. గ్రీకు క్రియ కోసం కాదు బ్రదర్ నేను కొట్లాడేది.

మార్త_2
మీ నాన్నగారి సంగతి చదివి బాధగా ఉంది అన్నా. నేను మా అక్క ఇంటికి వచ్చేశాను. పెద్దలు ఫోన్ చేశారు, ఎత్తలేదు.

చిన్నమాట
మంచి పని చేశారు సిస్టర్.

రాత్రి_డ్యూటీ
నేను అడిగింది సంతకం గురించి, ఎక్కడికో వచ్చాం. ఏం జరిగిందో చెప్తాను. మా పెద్దలను కలిశాను. ఇది సువార్తకు పునాది అయితే సరే, కాకపోతే షరతుగా ఎందుకు పెట్టాలి అని అడిగాను. అమెరికాలో ఇవాంజెలికల్ సంఘాలు 1942లో కలిసి సమాఖ్య పెట్టుకుని, తమ విశ్వాస ప్రకటనను ఏడు అంశాలతో రాసుకున్నాయి. అందులో లేఖనాలు, త్రిత్వం, క్రీస్తు, తిరిగి జన్మించడం, పునరుత్థానం అన్నీ ఉన్నాయి, ఈ అంశం లేదు. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన వెస్లీ దీన్ని ఒప్పుకోలేదు, పెంతెకొస్తు సంఘమైన అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ వాళ్ళు ఇప్పటికీ ఒప్పుకోరు, ఐనా వాళ్ళను అవిశ్వాసులని ఎవరూ అనరు.

ఒక పెద్ద కోపపడ్డారు. ఇంకొకాయన, వయసులో అందరికన్నా పెద్ద, చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "విశ్వాసముద్వారా" అన్న మాట మేమెందుకు వదిలేశామో నాకూ గుర్తులేదు అన్నారు. 11 అంశాలకు సంతకం పెట్టి, 9 పక్కన ఆ మాట పెన్నుతో రాసి, దాని కింద సంతకం చేశాను. ఒప్పుకుంటారో లేదో వచ్చే నెల సభలో చెప్తారట. అప్పటిదాకా క్లాసు వేరేవాళ్ళు తీసుకుంటారు.

బెరయవాడు
ఆ మాట చేర్చి రాస్తే నేనూ సంతకం పెడతాను. పేతురు రాసినదే కదా. మొండి_పెన్సిల్ గారూ, మార్త సిస్టర్ భర్త గురించి నేను అన్న చివరి వాక్యం వెనక్కి తీసుకుంటున్నా. వెలివేయాలన్నది మాత్రం తీసుకోను. హెబ్రీ 6లో రుచి గురించి కూడా నేను ఒప్పుకోలేదు.

మొండి_పెన్సిల్
2:9 మళ్ళీ చదవండి.

గొర్రెపిల్ల77
మరి ఈ ఆదివారం గొల్యాతు కథ ఎవరు చెప్తున్నారు?