సోఫా కుషన్‌కి తొడిగేదాన్ని గలీబు అనొచ్చా?

విజయనగరం పద్మ:
మా సోఫా కుషన్లకి కొత్త బట్ట కుట్టించాలని టైలర్‌కి ఫోన్ చేసి "ఆరు గలీబులు కుట్టండి" అన్నాను. ఆయన తలగడ కొలతకి కుట్టి పంపాడు. గలీబంటే తలగడదే అని ఆయన గట్టిగా వాదిస్తున్నాడు, మా అత్తగారిదీ అదే మాట. కుషన్‌కి గలీబు అనకూడదా?

శ్రీకాకుళం టైలర్:
ఆయన్ని తప్పుపట్టలేం అమ్మా. కొట్టుకొచ్చి ఉత్త గలీబు అంటే మేమూ తలగడే అనుకుంటాం. సోఫాదైతే అందరూ కుషన్ కవర్ అంటారు. గలీబుకి ఒకవైపు తెరిచి ఉంచి లోపలికి మడత ఇస్తాం. కుషన్ కవర్‌కి జిప్ వేయాలి, మందం కొలిచి పక్కపట్టీ కుట్టాలి. కూలి కూడా ఎక్కువే. రెంటికీ ఒకే పేరైతే గొడవలే.

బొబ్బిలి పాఠకుడు:
కూలి మారితే పేరు మారాలా అండీ? గలీబు అరబ్బీ, ఫారసీల 'గిలాఫ్' నుంచి వచ్చింది. తొడుగు, ఒర అని అర్థం. ఉర్దూలో తలగడకీ గిలాఫే, మక్కాలో కాబా మీద కప్పే నల్ల వస్త్రానికీ గిలాఫే. అంత విశాలమైన మాటని మనం తలగడకి కట్టేయడం అన్యాయం. అసలు మనకి గవిసెన అనే మంచి మాట ఉంది. వీణకి వేసే గుడ్డ తొడుగుని గవిసెన అనేవారు. కన్నడంలో దాని చుట్టం 'గవసు' ఇప్పటికీ బతికే ఉంది, చేతి తొడుగుని కైగవసు అంటారు. వీణలకి పేరుపడ్డ మా ఊళ్లోనే ఇప్పుడు వీణ కవర్ అంటుంటే నాకు బాధేస్తుంది.

పొందూరు కోడలు:
గవిసెన గురించి మీ బాధ నాకూ ఉంది. కానీ కాబా ఉదాహరణ ఇక్కడ పనికిరాదండీ. ఉర్దూలో కప్పేదాన్ని కూడా గిలాఫ్ అంటే అననివ్వండి, తెలుగులో కప్పడం వేరు, తొడగడం వేరు. దుప్పటి కప్పుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం. మేం సోఫా మీద ఖద్దరు దుప్పటి పరుస్తాం. దాన్ని గలీబంటే మా ఇంట్లో చిన్నపిల్లలు కూడా ఒప్పుకోరు. చెక్కకి పిన్నులతో బిగించేసిన రెక్సిన్ కూడా గలీబు కాదు, ఉతకడానికి ఊడిరాదు కదా. తొడిగి, తీసి, ఉతుక్కునేది గలీబు. పరుపు గలీబు అనట్లేదా మనం? అలాంటప్పుడు కుషన్‌కి ఎందుకు అనకూడదు? పద్మగారు అన్నది సరైన తెలుగే.

శ్రీకాకుళం టైలర్:
పరుపు గలీబు అంటాం, నిజమే. అయితే అక్కడ ముందు 'పరుపు' అని చెప్తున్నాం కదమ్మా! ఏ వస్తువుదో చెప్పకపోతేనే తలగడ. 'సోఫా గలీబు' అనుంటే ఆయన కొలతలు అడిగేవాడు.

పద్మ:
అలాగైతే నాకు సమ్మతమే. ఈసారి సోఫా గలీబులనే చెప్తాను, కొలతలూ రాసి పంపుతాను. కుట్టిన ఆరింటికీ ఆయనకి డబ్బులు ఇచ్చేస్తున్నాను, తలగడలకి పనికొస్తాయి.

బొబ్బిలి పాఠకుడు:
సోఫాకి గలీబే ఉంచుకోండమ్మా. వీణకి మాత్రం నేను గవిసెన అనే అడుగుతాను, కొట్టువాళ్లకి తెలియకపోతే చూపించి చెప్తాను.