ఎన్‌రోల్‌మెంట్ శుక్రవారంతో క్లోజ్: పేరెంట్స్‌ని కంపెనీ పాలసీలో పెట్టాలా, బయట తీసుకోవాలా?

కొండాపూర్_కుర్రోడు
మా ఆఫీసులో గ్రూప్ మెడిక్లెయిమ్ (కంపెనీ ఉద్యోగులకి తీసే ఆరోగ్య బీమా) ఎంచుకునే విండో ఈ శుక్రవారం మూసేస్తారు. నేను, మా ఆవిడ, పాప ఎలాగూ ఫ్రీ. పేరెంట్స్‌ని కలపాలంటే ఏడాదికి 42,000, జీతంలోంచి విడతలుగా కట్ అవుతుంది. కవర్ 5 లక్షలు, కో-పే 20 శాతం, రూమ్ రెంట్ రోజుకి 5,000 వరకే. నాన్నకి 66, షుగర్, బీపీ ఉన్నాయి, రెండూ కంట్రోల్‌లోనే. అమ్మకి 61. ఖమ్మంలో ఉంటారు. అదే డబ్బుతో బయట సొంత పాలసీ తీసుకుంటే నయమా? ఒకసారి సబ్మిట్ కొడితే మళ్ళీ ఏడాది దాకా మార్చడానికి లేదు.

లెక్కలోడు
బయటే తీసుకోండి. కంపెనీ ఇన్సూరెన్స్ మీది కాదు, మీ ఉద్యోగానిది. మా అమ్మ మోకాలి ఆపరేషన్‌కి డేట్ అనుకున్నాక నన్ను లే-ఆఫ్ చేశారు. లాస్ట్ వర్కింగ్ డేతో కవర్ కూడా పోయింది. అప్పటికప్పుడు సొంత పాలసీ తీసుకుంటే మోకాలికి వెయిటింగ్ పీరియడ్, అంటే అది గడిచేదాకా దానికి క్లెయిమ్ రాదు. మొత్తం చేతి నుంచే కట్టాను. ఇంకో సంగతి: 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు. గ్రూప్ పాలసీకి ఆ మినహాయింపు లేదు. మీ 42,000లో ఆ 18 శాతం జీఎస్టీ కలిసి ఉందో లేదో ముందు చూసుకోండి.

గోదారిగట్టు
షుగర్ ఉన్న పెద్దాయనకి బయట పాలసీ అని సలహా ఇవ్వడం తేలికే. ముందే ఉన్న జబ్బులకి మూడేళ్ళ దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. గ్రూప్ పాలసీల్లో మామూలుగా మొదటి రోజు నుంచే కవర్. మా నాన్నకి సొంత పాలసీ ఉండేది. ఏజెంట్ "షుగర్ అని రాస్తే ప్రీమియం పెరుగుద్ది సార్" అని ఆ గడిలో "లేదు" అని టిక్ పెట్టేశాడు. గుండెనొప్పితో చేర్పిస్తే జబ్బు దాచారని క్లెయిమ్ కొట్టేశారు. ఆ తర్వాత స్టెంట్లు వేయించింది నా కంపెనీ పాలసీయే. కొడుకు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అమ్మానాన్నలని అందులో పెట్టడమే ధర్మం, ఇందులో ఆలోచించడానికి ఏముంది?

పాలకొల్లు_పాప
కో-పే 20 శాతం అంటే 4 లక్షల బిల్లుకి 80 వేలు మనమే కట్టాలి. అది మర్చిపోకండి.

లెక్కలోడు
గోదారిగట్టు గారూ, మీ ఏజెంట్ చేసిన పనికి సొంత పాలసీలన్నిటినీ తిట్టడం ఏంటి? నిజం రాసి తీసుకుంటే 60 నెలలు దాటాక, మోసం రుజువైతే తప్ప, జబ్బు దాచారని క్లెయిమ్ కొట్టేయడానికి వీల్లేదు. వెయిటింగ్ కూడా ఇదివరకు నాలుగేళ్ళు, 2024లో మూడేళ్ళకి తగ్గించారు. అసలు మీరెవరూ రూమ్ రెంట్ గురించి మాట్లాడట్లేదు. 5,000 లిమిట్ పెట్టుకుని 7,500 గదిలో చేరితే గది అద్దెలోనే కాదు, సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీలు అన్నిటిలో మూడో వంతు కోస్తారు. హైదరాబాద్‌లో పెద్ద ఆసుపత్రిలో 5,000కి సింగిల్ రూమ్ ఎక్కడ దొరుకుతుందో చెప్పండి.

గోదారిగట్టు
ట్విన్ షేరింగ్, ఇద్దరు పేషెంట్లుండే గది తీసుకుంటారు. మా నాన్న తీసుకున్నారు. ఏమీ కాలేదు.

లెక్కలోడు
ట్విన్ షేరింగ్ ఖాళీ లేదని పై గదికి పంపిస్తే? అప్పుడు కోత ఎవరు భరిస్తారు?

గోదారిగట్టు
లేకపోతే, పంపిస్తే, కోస్తే. ఈ లెక్కలన్నీ వేసుకుని చివరికి పెద్దవాళ్ళని ఏ పాలసీ లేకుండా వదిలేస్తారు మీలాంటివాళ్ళు.

మాజీ_హెచ్‌ఆర్
మీరిద్దరూ కొట్టుకునేలోపు ఒక్క మాట. పోయినేడు పెట్టిన పేరెంట్స్ ఈ ఏడాది వాటంతట అవే వస్తారని అనుకోవద్దు. చాలా చోట్ల స్వచ్ఛంద కవర్ మళ్ళీ ఎంచుకోవాలి. పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే ఎక్కించండి. ఆధార్‌లో "వెంకట రమణయ్య", పోర్టల్‌లో "వి. రమణ" అని ఉంటే క్యాష్‌లెస్ డెస్క్ దగ్గర గంటలకొద్దీ కూర్చోబెడతారు. పుట్టిన తేదీ కూడా అంతే. ఉద్యోగం మానేస్తుంటే, కవర్ పోకముందే అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారతామని అడగొచ్చు. గడిచిన కాలాన్ని వెయిటింగ్‌లో లెక్కేస్తారు, కానీ ఎంత ప్రీమియం అడుగుతారన్నది వాళ్ళ ఇష్టం.

సుజన_కె
కొండాపూర్ గారూ, ఒకటి అడుగుతాను. మీ పోర్టల్‌లో "తల్లిదండ్రులు" అని మాత్రమే ఉందా, "తల్లిదండ్రులు లేదా అత్తమామలు" అని ఉందా?

కొండాపూర్_కుర్రోడు
రెండోదే అక్కా. ఏదో ఒక జంటే. ఇటు ఒకరిని, అటు ఒకరిని పెట్టడానికి లేదు.

సుజన_కె
మరి మీ ప్రశ్నలో అత్తమామలు ఎక్కడా లేరేం? మీ ఆవిడ కంపెనీలో పేరెంట్స్ కవర్ ఉందా?

కొండాపూర్_కుర్రోడు
లేదు. చిన్న కంపెనీ. తనకీ పిల్లలకీ మాత్రమే.

గోదారిగట్టు
అమ్మా సుజనా, ఆయన తన నాన్న గురించి అడిగాడు. దీనిలోకి అత్తమామలని లాగి ఇంట్లో గొడవ పెట్టకండి.

సుజన_కె
గొడవ నేను పెట్టట్లేదు, ఆల్రెడీ ఉంది కాబట్టే అడిగాను. మా ఇంట్లో నా కంపెనీ పాలసీలో ఇన్నేళ్ళూ మా అత్తగారు, మామగారే ఉన్నారు. ప్రీమియం నా జీతంలోంచే కట్ అవుతుంది. మా అమ్మకి క్యాన్సర్ సర్జరీ అయింది. బయట అడిగిన ప్రతి చోటా ప్రపోజల్ తిరగ్గొట్టారు. "ఈసారి మా అమ్మని పెడతాను" అంటే "అమ్మాయికి ఇవన్నీ ఎందుకు, మీ అన్నయ్య చూసుకుంటాడు కదా" అన్నారు. అన్నయ్యది సొంత షాపు, గ్రూప్ పాలసీ ఎక్కణ్ణుంచి వస్తుంది? కొడుకు ధర్మం, కొడుకు ధర్మం అంటారు. నా జీతంతో నేను చేయాల్సిన ధర్మం ఏది?

గోదారిగట్టు
మీ ఇంటి సంగతి వేరు.

సుజన_కె
ప్రతి ఇంటి సంగతీ వేరే అంటారు, టిక్ మాత్రం ఒకే గడిలో పడుతుంది.

పాలకొల్లు_పాప
ఇంకో తమాషా చూడండి, ఆదాయపు పన్ను పాత విధానం ఎంచుకుంటే అమ్మానాన్నల ప్రీమియానికి మినహాయింపు ఉంది, అత్తమామలకి లేదు. అల్లుడు కడితే రాదు, కూతురు తన జీతంలోంచి కడితే ఆవిడకి వస్తుంది.

లెక్కలోడు
సుజన గారు చెప్పినదాంట్లోనే జవాబు ఉంది. కంపెనీ పాలసీ అసలు విలువ బయట ఎవరూ తీసుకోనివాళ్ళకి. కంట్రోల్‌లో ఉన్న షుగర్, బీపీకి ప్రీమియం కాస్త పెంచైనా బయట పాలసీ ఇస్తారు. క్యాన్సర్, గుండె, కిడ్నీ అయితే ఇవ్వకపోవచ్చు. రెండు జంటల్లో ఎవరికి బయట దొరకదో వాళ్ళని కంపెనీలో పెట్టి, మిగతావాళ్ళకి సొంతది తీసుకోండి.

గోదారిగట్టు
అంటే కన్న తండ్రిని మూడేళ్ళు వెయిటింగ్‌లో కూర్చోబెట్టి మామగారికి ఫస్ట్ డే కవర్ ఇవ్వాలి. బాగుంది. రేపు ఆయనకి ఏమైనా అయితే ఊళ్ళో నలుగురికీ ఏం చెప్తాడు?

సుజన_కె
ఇదే, ఇంతసేపటికి బయటికి వచ్చింది. మీ భయం రోగం గురించి కాదు, నలుగురి గురించి.

గోదారిగట్టు
నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు బయట కుర్చీలో కూర్చున్నవాణ్ణి నేను. నాకు మీరు నేర్పక్కర్లేదు.

వరంగల్_మామ
ఎవరికైనా 70 నిండితే ఆయుష్మాన్ వయ వందన కార్డు చేయించుకోండి, కేంద్ర ప్రభుత్వ ఉచిత వైద్యం పథకం. ఆదాయంతో పని లేదు, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. ఆసుపత్రి ఆ లిస్టులో ఉందో లేదో ముందు కనుక్కోండి.

కొండాపూర్_కుర్రోడు
అందరికీ థ్యాంక్స్. మా మామగారికి బైపాస్ అయింది. రెండు కంపెనీలు వద్దన్నాయి. ఇది ముందే రాయాల్సింది కదా అంటారు, రాస్తే ఏమంటారో తెలిసే రాయలేదు. నిన్న రాత్రి నాన్నకి ఫోన్ చేసి అడిగాను. "నాకు బయట దొరుకుతుందంటే అదే తీసుకో, మీ మామని అందులో పెట్టు" అన్నారు. అమ్మ ఇంకా ఏమీ అనలేదు. కొటేషన్లు రెండు తెప్పించాను, షుగర్, బీపీ రెండూ రాసే. ఒకటి నచ్చింది. అది చేతికి వచ్చాకే పోర్టల్‌లో టిక్ మారుస్తాను.

మాజీ_హెచ్‌ఆర్
ఆగకండి. మెడికల్ టెస్టులు చేసి పాలసీ ఇచ్చేసరికి మీ శుక్రవారం దాటిపోతుంది. ఆఖరి రోజు సాయంత్రం పోర్టల్ కూడా తెరుచుకోదు. ఇవాళే ఏదో ఒకటి సబ్మిట్ చేయండి, మూసేదాకా మార్చుకోనిస్తారేమో మీ హెచ్‌ఆర్‌ని అడగండి. మార్పు కుదిరేది విండో మూసేలోపే.

లెక్కలోడు
కొటేషన్‌లో రూమ్ రెంట్ లిమిట్ చూశారా?