పిన్ అయిన గుర్రం కూడా చెక్ ఎలా ఇస్తుందండీ?

చెస్ బాగా తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్. నిన్న ఆన్‌లైన్‌లో ఆడుతుంటే నా రాజు హెచ్4 లో ఉన్నాడు, జీ4 కి జరుపుదామంటే యాప్ ఒప్పుకోవట్లేదు, ఎందుకా అని చూస్తే ఈ3 లో ఉన్న తెల్ల గుర్రం ఆ గడిని కాస్తోందట. కానీ ఆ గుర్రం పిన్‌లో ఉంది కదా! ఈ8 లో నా రూక్, ఈ1 లో వాళ్ళ రాజు, మధ్యలో అదొక్కటే అడ్డం, అది కదిలితే వాళ్ళకే చెక్. కదల్లేని గుర్రం నన్నెలా చంపుతుంది?

ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రూల్స్ చూశాను, సొంత రాజుకి చెక్ పడుతుందని కదల్లేకపోయినా ఆ పావు గడిని అటాక్ చేస్తున్నట్టే లెక్క అని ఉంది. సరే, రూల్ అర్థమైంది, లాజిక్కే ఎక్కట్లేదు. గుర్రం నా రాజుని కొట్టేస్తే అక్కడితో ఆట అయిపోతుంది, తర్వాత నా రూక్ వాళ్ళ రాజుని కొట్టడానికి టైమే ఉండదు, అదేనా కారణం?

ఇంకో డౌట్, పిన్ అయిన పావుతో చెక్‌మేట్ కూడా చెల్లుతుందా? అలాగే జీ4 లో వాళ్ళ క్వీన్ వచ్చి చెక్ ఇస్తే, సపోర్ట్‌గా ఈ గుర్రం ఒక్కటే ఉన్నా, నా రాజుతో దాన్ని కొట్టకూడదా?