అప్‌డేట్: నాన్న ల్యాప్‌టాప్ ఇప్పుడు బాగుంది

నాన్న ల్యాప్‌టాప్ బాగా నెమ్మదించింది, ఫొటోలన్నీ తీసేస్తే ర్యామ్ ఖాళీ అవుతుందా అని పోయిన వారం అడిగాను కదా. అవదని, ఫొటోలు ఉండేది స్టోరేజ్‌లోనని చెప్పిన అందరికీ చాలా థ్యాంక్స్. వాటిలో అమ్మ ఫొటోలు కూడా ఉన్నాయి. తీసేసి ఉంటే ఎంత బాధపడేవాళ్లమో!

శనివారం సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్లాం. షాపతను వెనక మూత విప్పి, పాత హార్డ్ డిస్క్ తీసి నాన్న చేతిలో పెట్టాడు. "లోపల పళ్లెం తిరుగుతుంది సార్, అందుకే లేటు" అన్నాడు. దాని బదులు వేసే ఎస్‌ఎస్‌డీలో అన్నీ చిప్పులే, తిరిగేదేమీ ఉండదు. 512 జీబీది వేయించి, ర్యామ్ 4 నుంచి 8 జీబీ చేయించాం.

ఇంటికొచ్చాక 476 జీబీయే చూపిస్తోందని నాన్నకు టెన్షన్. మోసమేమీ లేదు. కంపెనీవాళ్లు జీబీ అంటే వంద కోట్ల బైట్లు అని లెక్కేస్తారు, విండోస్ మాత్రం 1024 × 1024 × 1024, అంటే దాదాపు 107 కోట్ల బైట్లు అని లెక్కేస్తుంది.

ర్యామ్ సంగతి మాత్రం వంటింట్లోనే అర్థమైంది. గట్టు మీద పరుచుకున్నవి ర్యామ్, అల్మారాలోని డబ్బాలు స్టోరేజ్ అన్నాను. కంప్యూటర్ ఆపితే గట్టు ఖాళీ, డబ్బాలు భద్రం.

"ఓహో, సేవ్ చెయ్యమనేది అందుకా!" అన్నారు నాన్న.