భయపడే వీధిపిల్లిని ఇంట్లోకి తెచ్చే ముందు ఎలా శుభ్రం చేయాలి?

సెల్లార్ పిల్లి – విజయవాడ

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బూడిదరంగు చారల ఆడపిల్లి ఒకటి ఉంది. ఏడెనిమిది నెలల వయసు ఉండొచ్చు. రెండు నెలలుగా నేనే అన్నం పెడుతున్నాను. తింటూ నా చెప్పులకు ఒళ్ళు రుద్దుకుంటుంది గానీ చెయ్యి చాస్తే చాలు, చెవులు వెనక్కి అణిచి బుస్సుమంటుంది. బండ్ల కింద పడుకుని పడుకుని నడుం మీద ఆయిల్ అంటి వెంట్రుకలు ముద్దకట్టాయి. ఎప్పుడూ గోక్కుంటూనే ఉంటుంది.

వచ్చే వారం సెల్లార్ అంతా కడిగించి రంగులు వేస్తారట. అందుకే ఇంట్లోకి తెచ్చుకుందామనుకుంటున్నాను. మా అత్తయ్య ఒప్పుకున్నారు, కానీ డెట్టాల్ నీళ్ళతో స్నానం చేయించాకే గడప దాటాలన్నారు. ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉంది కాబట్టి ఆవిడ భయమూ అర్థమవుతుంది. బకెట్లో ముంచితే దానికేమవుతుందోనని నాకు టెన్షన్‌గా ఉంది. ఎలా చేయాలో చెప్పండి.

గోదారి గట్టు

ఇద్దరు పట్టుకుని కుక్కల షాంపూతో గబగబా కడిగేయండి. పది నిమిషాల పని. మేం అలాగే చేశాం.

నాలుగు పిల్లుల ఇల్లు – హైదరాబాద్

అమ్మా, దయచేసి ఆ పని చేయొద్దు. ఒంటి మీది పురుగులు చావడానికని కుక్కల కోసం అమ్మే కొన్ని షాంపూల్లో, మందుల్లో పర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉంటుంది. పిల్లి ఒంట్లో అది విరగదు, వణుకు పట్టి ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు. డెట్టాల్ కూడా వద్దని అత్తయ్యగారికి నెమ్మదిగా చెప్పండి. పిల్లి ఒళ్ళంతా నాకి శుభ్రం చేసుకుంటుంది. మనం పైన పూసిందల్లా దాని కడుపులోకే పోతుంది. కర్పూరం, కిరోసిన్, వేపనూనె కూడా పూయొద్దు.

నేను పదకొండేళ్ళ క్రితం మొదటి పిల్లిని తెచ్చిన రోజే బాత్రూంలో తలుపేసి కుళాయి తిప్పాను. ఆ చప్పుడుకే అది గీజర్ పైపు పట్టుకుని ఎక్కింది, దింపబోతే మణికట్టు కొరికింది. సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పావుగంట కడిగి ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాను. 0, 3, 7, 28 రోజుల్లో రేబిస్ టీకాలు వేశారు. మూడు వారాలు ఆ పిల్లి నా అడుగుల చప్పుడు వింటేనే బీరువా కిందికి దూరేది. నాకు నొప్పి కంటే అదే ఎక్కువ బాధనిపించింది. మీరు కూడా గోరు గీసుకున్నా, పన్ను దిగినా చిన్నదే కదా అని ఊరుకోవద్దు.

స్నానం తొందరేం లేదు. తడిగుడ్డ చాలు. పాత నూలుచీర ముక్కను ఇవాళ్టి నుంచే అన్నం గిన్నె కింద పరవండి, ఆ వాసన దానికి అలవాటవుతుంది. అది తింటున్నప్పుడు అదే గుడ్డతో, పొడిగానే, ముందు బుగ్గలు, తర్వాత మెడ నిమరండి. రెండు మూడు రోజులు ఒప్పుకున్నాక గోరువెచ్చని నీళ్ళలో ముంచి గట్టిగా పిండి, వెంట్రుకలు వాలిన వైపే తుడవండి. తోక టపటపా కొడుతున్నా, వీపు మీద చర్మం జలదరించినా ఆపేయండి. ఆ రోజుకి అంతే.

ఇక గోకుడు సంగతి. తెల్ల టిష్యూ తడిపి దాని మీద దువ్వెనలో రాలినది వేయండి. మిరియాల పొడిలా నల్లగా ఉన్నది కాసేపటికి ఎర్రగా పాకితే అది పురుగులు తాగిన రక్తమే. మందు మాత్రం పిల్లి బరువు చూసి డాక్టరే ఇవ్వాలి.

బండి ఆయిల్ అది నాకితే ప్రమాదం కాబట్టి ఇదొక్కటి ఆలస్యం చేయొద్దు. ముట్టనిస్తే కాస్త వంటనూనె రాసి మెత్తబడ్డాక గుడ్డతో లాగేయండి. తర్వాత గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలిపి తుడిచి, మంచినీళ్ళతో రెండుసార్లు తుడవండి. ముట్టనివ్వకపోతే డాక్టరుకే వదిలేయండి. ముద్దకట్టిన చోట కత్తెర పెట్టొద్దు. వెంట్రుకలు లాగితే పల్చటి చర్మం కూడా గుడారంలా పైకి లేచి తెగిపోతుంది.

మూతున్న బుట్టలో రోజూ అన్నం పెట్టి అలవాటు చేసి, ఇంటికి తెచ్చేముందే పశువైద్యుడికి చూపించండి. నులిపురుగుల మందు, రేబిస్ టీకా అక్కడే అవుతాయి. గుండ్రంగా వెంట్రుకలు ఊడిన మచ్చలుంటే తామరేమో చూడమనండి, అది పాపకు అంటుకుంటుంది. ఇంటికొచ్చాక రెండు వారాలు ఒక్క గదిలోనే ఉంచండి, పాపను ఒంటరిగా దాని దగ్గరికి పంపొద్దు.

సెల్లార్ పిల్లి – విజయవాడ

అక్కా, ఎనిమిదో రోజు రాస్తున్నాను. బుట్టలోకి తనంతట తానే వెళ్ళి తింటుంటే మూత వేశాను. డాక్టరుగారు తామర లేదన్నారు, పురుగుల మందు మెడ వెనక వేశారు, ముద్దకట్టిన వెంట్రుకలు మిషన్‌తో తీశారు. మీరు రాసింది అత్తయ్యకు చదివి వినిపిస్తే డెట్టాల్ మాట మళ్ళీ ఎత్తలేదు, నిన్న ఆవిడే ఇంకో చీర ముక్క చింపి ఇచ్చారు. రాత్రి మెడ తుడుస్తుంటే గురగురమంది. చేతికి ఆ వణుకు తెలిసేసరికి నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

ఒక్క డౌట్. ట్రేలో మామూలు ఇసుక పోయొచ్చా?

నాలుగు పిల్లుల ఇల్లు – హైదరాబాద్

పోయొచ్చమ్మా. జల్లించి, ఎండబెట్టి, మూడు వేళ్ళ మందాన పోయండి. అన్నం గిన్నెకు దూరంగా పెట్టండి.